ఫ్యాక్టరీ పెయింట్ మీద ఆరెంజ్ పీల్: తరచుగా అడిగే ప్రశ్నలు

కారు పెయింట్ పని చేసేవాళ్ల దగ్గరికి ఎక్కువగా వచ్చే ప్రశ్నల్లో ఇదొకటి: "కొత్త కారే, కానీ పెయింట్ అద్దంలా లేదు, బత్తాయి తొక్కలా ఉంది. ఏం చేయాలి?" చాలామందికి నేను మొదట చెప్పే మాట, తొందరపడి వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే సన్నని గరుకు కాగితం) పట్టకండి అని. ఎందుకో కింద వివరంగా రాశాను. చేయించి తీరాలి అనుకునేవాళ్ల కోసం పని ఎలా జరుగుతుందో, ఎక్కడ చెడుతుందో కూడా రాశాను.

ఆరెంజ్ పీల్ అంటే ఏమిటి? నా కారు మీద ఉన్నది అదేనా?

నారింజ తొక్కను వేలితో తడిమితే చిన్న చిన్న గుంతలు, వాటి మధ్య ఉబ్బులు తెలుస్తాయి కదా, పెయింట్ పైపొర అలాగే సన్నని అలలతో ఆరిపోతే దాన్ని ఆరెంజ్ పీల్ అంటారు. పెయింట్ మీద ఈ అలల ఎత్తు కొన్ని మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. కాబట్టి చేతికి దాదాపు ఏమీ తగలదు. కంటికి మాత్రం తెలిసిపోతుంది.

గుర్తుపట్టడానికి ట్యూబ్‌లైట్ చాలు. కారును లైటు కింద పెట్టి, డోర్ మీద ఆ లైటు ప్రతిబింబం కనిపించేలా నిలబడండి. లైటు మధ్యభాగాన్ని కాదు, దాని అంచును చూడండి. ప్యానెల్ చదునుగా ఉంటే అంచు గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది. ఆరెంజ్ పీల్ ఉంటే అదే అంచు నీళ్లలో కనిపించే నీడలా వంకర్లు తిరుగుతుంది. తల కొంచెం అటూ ఇటూ కదిపితే ఆ వంకర్లు కూడా కదులుతాయి. ఎండలో సాలెగూడులా గుండ్రంగా కనిపించే సన్నని గీతలు వేరు. అవి కడగడంలో, తుడవడంలో పడ్డ గీతలు, పాలిష్‌తో పోతాయి. ఈ రెంటినీ ఒకటే అనుకుని లేనిపోని పని చేయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

కొత్త కారే ఇలా ఉంటే డిఫెక్ట్ ఉన్న బండి ఇచ్చినట్టేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే దాదాపు అన్ని కార్లలో ఎంతో కొంత ఆరెంజ్ పీల్ ఉంటుంది. ప్రతి కంపెనీ తనకంటూ ఒక హద్దు పెట్టుకుంటుంది, ఆ హద్దు లోపల ఉన్న బండి లైన్ దాటి బయటికి వస్తుంది. కారు మొత్తం ఒకే తీరుగా ఉంటే అది ఫ్యాక్టరీ ఫినిషే. ఒక్క ప్యానెల్ మాత్రం మిగతావాటికి భిన్నంగా ఉంటే అప్పుడు అడగాల్సిందే. దాని గురించి కింద వేరే ప్రశ్న ఉంది.

అంత పెద్ద ఫ్యాక్టరీ, రోబోలు ఉండి కూడా ఎందుకు వస్తుంది?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. జవాబు తెలిస్తే మీ కారు పెయింట్‌ను చూసే పద్ధతే మారిపోతుంది.

ఫ్యాక్టరీలో పెయింట్‌ను చాలావరకు గంట ఆకారంలో ఉండే చిన్న కప్పుల్లాంటి అటామైజర్లతో కొడతారు. అవి నిమిషానికి 30 వేల నుంచి 60 వేల చుట్లు తిరుగుతూ పెయింట్‌ను సన్నని తుంపరగా విడగొడతాయి. తుంపరకు కరెంట్ చార్జ్ ఎక్కించడం వల్ల అది బాడీకి అతుక్కుంటుంది. బాడీ మీద పడ్డ లక్షల తుంపరలు ఒకదానిలో ఒకటి కలిసి, పారి, చదునుగా పరుచుకోవాలి. వాటికి దొరికే సమయం కొద్దిసేపే. ఒకపక్క పెయింట్‌ను పలచగా ఉంచే ద్రవం, అంటే సాల్వెంట్, ఆవిరైపోతూ పెయింట్ చిక్కబడుతుంటుంది. తర్వాత ఓవెన్‌లోకి వెళ్లగానే వేడికి ఒకసారి పలచబడి మళ్లీ కాస్త పారుతుంది, ఆ వెంటనే రసాయనికంగా గట్టిపడిపోతుంది. ఆ క్షణానికి ఏ అల మిగిలి ఉంటే అది అక్కడే శాశ్వతంగా ఉండిపోతుంది.

తడి పెయింట్‌ను చదును చేసేది దాని తలతన్యత. ఇందులో లెక్క చాలా ఆసక్తిగా ఉంటుంది. పొర మందం రెట్టింపైతే అల చదునయ్యే వేగం 8 రెట్లు పెరుగుతుంది. అల వెడల్పు రెట్టింపైతే మాత్రం చదునయ్యే వేగం 16వ వంతుకు పడిపోతుంది. అందుకే మిల్లీమీటరు కన్నా చిన్న అలలు చాలావరకు ఓవెన్ దాకా మిగలవు. కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న అలలు మాత్రం తీరిక దొరక్క అలాగే గట్టిపడతాయి. మనకు కనిపించే బత్తాయి తొక్క అదే.

మరి పొర మందంగా వేస్తే సరిపోదా అంటే, వేస్తే నిలువు ప్యానెళ్ల మీద పెయింట్ కిందికి జారుతుంది. కన్నీటి చారల్లా కారి గడ్డకడుతుంది. అలా జారిన బండిని రిపేర్ చేయకుండా బయటికి పంపలేరు, కొంచెం ఆరెంజ్ పీల్ ఉన్న బండిని పంపొచ్చు. అందుకే ఫ్యాక్టరీ ఎప్పుడూ జారని వైపుకే మొగ్గుతుంది. గాలిలోకి వెళ్లే సాల్వెంట్ తగ్గించాలనే నిబంధనలు, పొరల మధ్య ఓవెన్ తగ్గించి తడి మీదే తడి పొర కొట్టే పద్ధతులు కూడా వచ్చాయి. ఇవన్నీ మంచి కారణాలతోనే వచ్చాయి, కానీ పెయింట్ తీరిగ్గా పరుచుకునే వీలు మాత్రం తగ్గింది.

బానెట్ బాగానే ఉంది, డోర్ల మీదే ఎక్కువగా కనిపిస్తోంది. ఎందుకు?

పై జవాబులోనే దీనికి కారణం ఉంది. బానెట్, రూఫ్ పడుకుని ఉంటాయి కాబట్టి వాటి మీద పెయింట్ జారే భయం లేదు, పారడానికి వీలు ఎక్కువ. డోర్లు, ఫెండర్లు నిలువుగా ఉంటాయి. బంపర్ల సంగతి ఇంకో రకం. అవి ప్లాస్టిక్, చాలాసార్లు విడిగా, వేరే పెయింట్‌తో, తక్కువ వేడిలో ఆరబెట్టి తెచ్చి బిగిస్తారు. అందుకే బంపర్ టెక్స్చర్ పక్కనున్న ఫెండర్‌తో అచ్చంగా కలవకపోతే కంగారు పడక్కర్లేదు.

నల్ల కారుకే ఎక్కువగా ఉంటుందా?

ఉండదు, కనిపిస్తుంది. నలుపు, ముదురు నీలం లాంటి రంగుల్లో లోపలి నుంచి తిరిగొచ్చే వెలుతురు తక్కువ కాబట్టి పైపొర మీది ప్రతిబింబమే కంటికి ఆనుతుంది. తెలుపు, వెండి రంగుల్లో అదే అల ఉన్నా దాగిపోతుంది.

దీన్ని కొలవడానికి పద్ధతేమైనా ఉందా, లేక ఎవరి కంటికి తోచింది వాళ్లు చెప్పడమేనా?

పద్ధతి ఉంది. ఫ్యాక్టరీల్లో వేవ్‌స్కాన్ అనే చిన్న చక్రాల పరికరాన్ని ప్యానెల్ మీద కొన్ని సెంటీమీటర్లు నడిపిస్తారు. అది వెలుతురును ఏటవాలుగా పడేసి, తిరిగొచ్చే వెలుతురు ఎంత ఊగుతోందో చూసి అలలను వెడల్పును బట్టి విడదీస్తుంది. పాత లెక్కలో 0.3 నుంచి 1.2 మిల్లీమీటర్ల వరకు చిన్న అలలు, 1.2 నుంచి 12 మిల్లీమీటర్ల వరకు పెద్ద అలలు. దగ్గర నుంచి చూస్తే మన కంటికి చిన్నవి, రెండు మూడు మీటర్ల దూరం నుంచి చూస్తే పెద్దవి ఎక్కువగా తెలుస్తాయి. షోరూమ్‌లో చేతికందే దూరంలో బాగున్న కారు, పార్కింగ్‌లో దూరం నుంచి నడిచి వస్తుంటే అలలుగా కనిపించడానికి కారణం అదే. పరికరం లేనిచోట 1 నుంచి 10 వరకు అంకెలు వేసిన నమూనా ప్యానెళ్లను పక్కన పెట్టి పోల్చే పద్ధతి కూడా ఉంది. వాటిలో 10 అంటే అన్నింటికన్నా నున్నగా ఉన్నది.

ఆరెంజ్ పీల్ వల్ల పెయింట్ త్వరగా పాడవుతుందా?

పాడవదు. తుప్పుకు, రంగు వెలిసిపోవడానికి దీంతో సంబంధం లేదు. ఇది పూర్తిగా కంటికి సంబంధించిన విషయం. దీన్ని తీసేయడం వల్ల మాత్రం పెయింట్ ఆయుష్షు తగ్గే అవకాశం ఉంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే కింద చెప్పేదంతా సులువుగా అర్థమవుతుంది.

రబ్బింగ్, పాలిష్‌తో పోదా?

చాలావరకు పోదు. ఫోమ్ ప్యాడ్ మెత్తగా ఉంటుంది కాబట్టి అల ఎక్కినచోట ఎక్కి, దిగినచోట దిగుతుంది. ఉబ్బునూ గుంతనూ సమానంగా అరగదీస్తుంది. గీతలు పోతాయి, మెరుపు వస్తుంది, అల అలాగే ఉంటుంది. గట్టి కాంపౌండ్‌తో, అంటే పాలిష్ కన్నా ఎక్కువగా కోసే పేస్ట్‌తో, ఉన్ని ప్యాడ్ గానీ, ఈ పని కోసమే డెనిమ్ గుడ్డతో చేసిన ప్యాడ్ గానీ వాడితే ఉబ్బుల కొనలు కాస్త మొద్దుబారి, అలల పదును తగ్గినట్టు అనిపిస్తుంది. కొందరికి అంతే చాలు.

ఒక విషయం ముందే తెలుసుకోండి. సాలెగూడు గీతలున్న కారును శుభ్రంగా పాలిష్ చేశాక ఆరెంజ్ పీల్ ఇంకా బాగా కనిపించవచ్చు. గీతలు ప్రతిబింబాన్ని మసకబారుస్తాయి, అవి పోగానే అల అంచు స్పష్టంగా తెలుస్తుంది. "పాలిష్ చేసినవాళ్లు పాడుచేశారు" అనుకోవద్దు, అది ముందునుంచీ ఉన్నదే.

వాక్స్, సిరామిక్ కోటింగ్, పీపీఎఫ్ వేస్తే గుంతలు నిండిపోతాయా?

నిండవు. సిరామిక్ కోటింగ్ మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు, అది కూడా అల ఎలా ఉంటే అలాగే పరుచుకుంటుంది. వాక్స్ అంతకన్నా పలచన. పీపీఎఫ్, అంటే పెయింట్‌ను కాపాడటానికి అతికించే పారదర్శక ఫిల్మ్, 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది కానీ దానికి తనదంటూ ఒక టెక్స్చర్ ఉంటుంది. చదును చేసిన పెయింట్ మీద ఫిల్మ్ వేయించి, మళ్లీ బత్తాయి తొక్క కనిపిస్తోందని బాధపడ్డవాళ్లున్నారు. ఫిల్మ్ వేయించే ఆలోచన ఉంటే ముందు వాళ్ల దగ్గర అదే ఫిల్మ్ వేసిన ముదురు రంగు కారును లైటు కింద చూడండి. చాలాసార్లు సాండింగ్ (వాటర్ పేపర్‌తో రుద్ది చదును చేయడం) ఖర్చు, రిస్కు రెండూ అనవసరమని అక్కడే తేలిపోతుంది.

క్లియర్ కోట్ ఎంత ఉంటుంది? అందులో ఎంత తీయొచ్చు?

మొత్తం వ్యవహారం ఇక్కడే ఉంది.

ఫ్యాక్టరీ పెయింట్‌లో ఇనుము మీద మొదట తుప్పు పట్టకుండా ఈ-కోట్ ఉంటుంది, సుమారు 20 మైక్రాన్లు. దాని మీద ప్రైమర్, 30 నుంచి 40. ఆ పైన రంగు ఉండే బేస్ కోట్, 12 నుంచి 20. అన్నింటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్, సాధారణంగా 35 నుంచి 50. అన్నీ కలిపితే చాలా కార్లలో 90 నుంచి 140 మైక్రాన్ల మధ్య వస్తుంది. ప్రైమర్‌ను వేరే పొరగా ఓవెన్‌లో పెట్టని పద్ధతుల్లో మొత్తం మందం ఇంకా తగ్గుతుంది.

క్లియర్ కోట్ కేవలం మెరుపు కోసం వేసిన పొర కాదు. అందులో అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే పదార్థాలు కలిపి ఉంటాయి. కింది రంగును, ఇంకా ముఖ్యంగా ఎండను అస్సలు తట్టుకోలేని ఈ-కోట్‌ను కాపాడేవి అవే. పొర ఎంత మందం ఉంటే అంత కాపలా. దాన్ని అరగదీసినకొద్దీ కిందికి దిగే ఎండ పెరుగుతుంది. ఆ ఫలితం వెంటనే కనిపించదు, అదే దీనితో వచ్చిన చిక్కు. పని అయిన రోజు కారు అద్భుతంగా ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత రూఫ్ మీదా, బానెట్ మీదా తెల్లగా మసకబారి, పొరలు పొరలుగా లేస్తుంది. అప్పుడు పాలిష్ ఏమీ చేయలేదు, రీపెయింట్ ఒక్కటే దారి.

అందుకే పని తెలిసినవాళ్లు కారు జీవితకాలం మొత్తంలో ఫ్యాక్టరీ క్లియర్ నుంచి 7, 8 మైక్రాన్లకు మించి తీయకూడదనే లెక్క పాటిస్తారు. గమనించండి, ఒక్కసారికి కాదు, మొత్తం జీవితకాలానికి. ఒకసారి గట్టి కాంపౌండింగ్ చేస్తే 1 నుంచి 3 మైక్రాన్లు పోతాయి. పూర్తిస్థాయి సాండింగ్, ఆ తర్వాత గీతలు తీసే కాంపౌండింగ్ కలిపితే ఆ 7, 8 ఒక్క రోజులో అయిపోవచ్చు. ఆ తర్వాత ఎప్పుడైనా కొమ్మ గీరినా, పక్షి రెట్ట మచ్చ పడినా తీయడానికి చేతిలో ఏమీ మిగలదు. నన్నడిగితే రోజూ రోడ్డెక్కే కారుకు ఇది మంచి బేరం కాదు.

మీటర్ పెట్టి కొలిస్తే ఎంత ఉందో తెలిసిపోతుంది కదా?

సగమే తెలుస్తుంది. మామూలు పెయింట్ మీటర్ ఇనుము మీద అయస్కాంత పద్ధతిలో, అల్యూమినియం మీద ఎడ్డీ కరెంట్ పద్ధతిలో పనిచేస్తుంది. రెండూ లోహం నుంచి పైదాకా మొత్తం మందం చెబుతాయి కానీ అందులో క్లియర్ ఎంతో చెప్పవు. 120 చూపిస్తే అందులో క్లియర్ 50 ఉండొచ్చు, 35 కూడా ఉండొచ్చు. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మీటర్ పనిచేయదు. పొరలను విడివిడిగా చూపించేవి, ప్లాస్టిక్ మీద కూడా పనిచేసేవి అల్ట్రాసోనిక్ మీటర్లు. అవి అందరి దగ్గరా ఉండవు.

ఇంకో సంగతి. మామూలు మీటర్ రీడింగ్‌లోనే రెండు మూడు మైక్రాన్ల తేడా సహజంగా ఉంటుంది. మనం తీయబోయేదే ఏడెనిమిది. కాబట్టి టేప్‌తో గుర్తు పెట్టుకున్న ఒకే చోట ఐదారుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి. ప్రతి ప్యానెల్ మధ్యలో, అంచుకు దగ్గరగా, బాడీ లైన్ (డోర్ల మీద పొడుగునా ఉండే మడత గీత) దగ్గర విడిగా రాసుకోవాలి. మీటర్ అసలు ఉపయోగమేమిటంటే, పని మొదలుపెట్టాక ఎంత పోయిందో చెప్పడం. "మాకు చేతి అంచనా ఉంది, మీటర్ అక్కర్లేదు" అనేవాళ్లకు ఫ్యాక్టరీ పెయింట్ అప్పగించకండి.

ఒక్క డోర్ మీదే టెక్స్చర్ తేడాగా ఉంది. రీపెయింట్ చేశారంటారా?

అనుమానం సబబే. ఆ డోర్ మీద మీటర్ 200 మైక్రాన్లకు పైగా చూపిస్తూ మిగతా కారంతా 110, 120 దగ్గర ఉంటే దాదాపు ఖాయమనుకోవచ్చు. డోర్ రబ్బరు బీడింగ్ కింద, హ్యాండిల్ చుట్టూ టేప్ గీత గానీ, పొడి తుంపర గానీ ఉందేమో చూడండి. పెయింట్‌లో ఇరుక్కున్న దుమ్ము కూడా ఒక గుర్తు. ఫ్యాక్టరీలో కూడా లైన్ చివర్లో కొన్ని బళ్లను సరిచేస్తారు, రవాణాలో దెబ్బ తగిలి సరిచేసినవి కూడా ఉంటాయి. కొత్త కారులో ఇది కనిపిస్తే రీడింగ్‌ల ఫొటోలతో సహా రాతపూర్వకంగా అడగండి. మీరే సాండింగ్ మొదలుపెడితే ఆ తర్వాత అడిగే హక్కు మీ చేతిలో ఉండదు.

సాండింగ్ అసలు ఎలా చేస్తారు?

ముందు కారును బాగా కడిగి, క్లే బార్ అనే బంకమట్టి లాంటి ముద్దతో అంటుకున్న మట్టి, ఇనుప పొడి అంతా తీసేస్తారు. ఒక్క ఇసుక రేణువు పేపర్ కింద పడినా చుట్టలు చుట్టలుగా లోతైన గీతలు పడతాయి. వాటిని తీయడానికి మళ్లీ క్లియర్ ఖర్చు పెట్టాలి. అంచులకు, బాడీ లైన్లకు మాస్కింగ్ టేప్ వేస్తారు. తర్వాత ఒక అడుగు చదరం చోటు ఎంచుకుని అక్కడ మాత్రమే పరీక్షగా చేసి చూస్తారు.

పేపర్ వెనక ఏముంది అన్నదే ఈ పనిలో అసలు కిటుకు. వేళ్లతో గానీ, మెత్తని స్పాంజి మీద గానీ పేపర్ పట్టుకుంటే అది అల వెంట ఎక్కి దిగుతుంది, చదును కాదు. వేళ్లతో అయితే వేళ్ల కింద గాళ్లు కూడా పడతాయి. ఉబ్బుల కొనలు మాత్రమే తెగాలంటే వెనక గట్టి బ్లాక్ ఉండాలి. అయితే డోర్ వంపు తిరిగినచోట మరీ గట్టి బ్లాక్ పెడితే వంపు నడినెత్తి మీదే బరువంతా పడుతుంది. అందుకే కొద్దిగా వంగే రబ్బరు బ్లాక్ చేతిలో ఉండాలి.

వాటర్ పేపర్‌ను షాంపూ చుక్క వేసిన నీళ్లలో ఓ పావుగంట నానబెట్టి, చాలా తేలికగా, బ్లాక్ బరువుతోనే నడిపించాలి. ఫ్యాక్టరీ పెయింట్ మీద 2000 లేదా 2500 నంబర్‌తో మొదలుపెట్టడం మంచిది (నంబర్ పెరిగేకొద్దీ పేపర్ గరుకు తగ్గుతుంది). 1500 త్వరగా కోస్తుంది కానీ దాని గీతలు తీయడానికే ఇంకో రెండు మైక్రాన్లు పోతాయి. తర్వాత 3000, వీలైతే 5000 నంబర్ డిస్క్‌ను మెత్తని ప్యాడ్ మీద, డ్యూయల్ యాక్షన్ (తిరుగుతూనే అటూ ఇటూ ఊగే) మెషీన్‌తో తిప్పాలి. ఈ దశలో మెత్తదనం మేలే చేస్తుంది, ఎందుకంటే ఇప్పుడు పని చదును చేయడం కాదు, ముందు పడ్డ గీతలను సన్నబరచడం. ఒక్కో నంబర్‌కు దిశ మార్చి రుద్దితే పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. చివర్లో కాంపౌండ్, ఆ పైన ఫినిషింగ్ పాలిష్.

ఎంతవరకు రుద్దాలి? ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?

పది పన్నెండు సార్లు బ్లాక్ నడిపి, నీళ్లు తుడిచి, ఆరనిచ్చి, టార్చి పక్క నుంచి వేసి చూడండి. ప్యానెల్ అంతా బూడిదరంగులో మసకగా, మధ్యలో ఆవగింజలంత మెరిసే చుక్కలు కనిపిస్తాయి. మసక భాగం పేపర్ తగిలిన ఉబ్బులు. మెరిసే చుక్కలు ఇంకా పేపర్ తగలని గుంతలు. ఇంకొన్నిసార్లు నడిపితే చుక్కలు చిన్నవవుతూ, ఒకదానికొకటి దూరమవుతూ పోతాయి.

చుక్కలన్నీ పోయేదాకా రుద్దాలనిపిస్తుంది. ఆ ఆశను ఆపుకోవాలి. చివరి నాలుగు చుక్కలు అన్నింటికన్నా లోతైన గుంతలు, వాటి కోసం ప్యానెల్ మొత్తాన్ని ఆ లోతు దాకా దించాల్సి వస్తుంది. పావు వంతు చుక్కలు మిగిలి ఉండగా ఆపినా పాలిష్ అయ్యాక ట్యూబ్‌లైట్ అంచు దాదాపు నిటారుగా నిలబడుతుంది. ఆ మిగిలిన తేడాను వెతికి పట్టుకునే కన్ను చాలా తక్కువమందికి ఉంటుంది, మిగిలిన క్లియర్ మాత్రం కారుకు ఏళ్ల తరబడి పనికొస్తుంది.

పక్కన నీళ్ల రంగు కూడా గమనిస్తూ ఉండండి. క్లియర్ తెగితే వచ్చే నీళ్లు పాలలా తెల్లగా ఉంటాయి. అందులో కారు రంగు కనిపించిందంటే క్లియర్ దాటి బేస్ కోట్‌లోకి వెళ్లినట్టే, వెంటనే ఆపేయాలి. క్లియర్ లేని సింగిల్ స్టేజ్ పెయింట్‌లో మొదటి నుంచే రంగు వస్తుంది. అందుకే కంటికి కనిపించని మూల ముందుగా పరీక్షించి ఏ రకమో తేల్చుకోవాలి.

అంచుల దగ్గర అంత జాగ్రత్త ఎందుకు?

పదునైన అంచు మీద నుంచి తడి పెయింట్ రెండు పక్కలకూ లాక్కుపోతుంది, కాబట్టి అక్కడ పొర ఎప్పుడూ పలచగానే ఉంటుంది. పైగా రుద్దేటప్పుడు ఒత్తిడంతా ఆ సన్నని గీత మీదే పడుతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో నా సొంత కారు వెనక డోర్ బాడీ లైన్ మీద టేప్ వేయకుండా 2000 పేపర్ నడిపాను. తడిగా ఉన్నంతసేపూ ఏమీ తెలియలేదు. ఆరాక చూస్తే చిటికెన వేలి గోరంత చోట మసక మచ్చ, దాని చుట్టూ సన్నని గీత గీసినట్టు అంచు. తడి చేస్తే మాయమయ్యేది, ఆరితే మళ్లీ వచ్చేది. పాలిష్‌తో పోతుందేమోనని ఎంత ఆశపడ్డానో నాకింకా గుర్తుంది. పోలేదు, పోదు కూడా. ఆ డోర్ మొత్తానికి బేస్, క్లియర్ మళ్లీ కొట్టించాల్సి వచ్చింది. అప్పటినుంచి టేప్‌ను అంచుకు అంగుళం దూరం దాకా వేస్తాను. టేప్ తీశాక ఆ అంగుళంలో మిగిలిన ఆరెంజ్ పీల్‌ను అలాగే వదిలేస్తాను. వంపు దగ్గర అది ఎవరి కంటికీ పట్టదు.

ఇంట్లో నేనే చేసుకోవచ్చా?

పాలిషింగ్ నేర్చుకోవాలంటే తప్పకుండా చేసుకోండి. ఫ్యాక్టరీ పెయింట్ మీద సాండింగ్ మాత్రం మీ కారుతో మొదలుపెట్టొద్దు. పాత సామాను అమ్మేచోట ఒక పాత బానెట్ కొనుక్కుని దాని మీద చేయండి. కావాలనే ఒకచోట క్లియర్ దాటేదాకా రుద్ది చూడండి. ఎన్నిసార్లు నడిపితే ఎంత పోతుందో, దాటినప్పుడు ఎలా కనిపిస్తుందో ఒకసారి కళ్లారా చూస్తే చేతికి భయభక్తులు వస్తాయి. ఎన్ని వీడియోలు చూసినా రానిది అదే.

ఒక ప్యానెల్ మాత్రమే చదును చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, కానీ పక్క ప్యానెల్ వెంటనే తేడాగా కనిపిస్తుంది. కంటికి అల కన్నా తేడాయే ముందు పడుతుంది. బానెట్ ఒక్కటే చేయిస్తే కొంత నయం, అది వేరే కోణంలో ఉంటుంది కాబట్టి ఫెండర్‌తో పోలిక అంతగా తెలియదు. అయితే ఎండ ఎక్కువగా పడేది కూడా బానెట్, రూఫ్‌ల మీదే. అక్కడ క్లియర్ తగ్గించడం మిగతాచోట్ల కన్నా ప్రమాదం.

యాక్సిడెంట్ తర్వాత ఒక డోర్ పెయింట్ చేయిస్తున్నాను. ఫ్యాక్టరీ టెక్స్చర్ కలుస్తుందా?

మంచి పెయింటర్ కలపగలడు. గన్ నాజిల్, గాలి ఒత్తిడి, గన్ పట్టుకునే దూరం, థిన్నర్ ఎంత నెమ్మదిగా ఆరేది, క్లియర్ ఎంత మందంగా వేస్తున్నాడు అన్నవాటిని బట్టి టెక్స్చర్ మారుతుంది. ముందే చెప్పండి: "అద్దంలా వద్దు, పక్క డోర్‌లాగే కావాలి" అని. చెప్పకపోతే కొందరు అభిమానం కొద్దీ ఆ ఒక్క డోర్‌ను రుద్ది అద్దంలా చేసి ఇస్తారు, అది కారు మొత్తంలో వేరుగా కనిపిస్తుంది.

కారంతా చదునుగా కావాలనే కోరిక బలంగా ఉన్నవాళ్లకు కూడా సరైన సందర్భం రీపెయింటే. అప్పుడు రుద్దడం కోసమే ఒకటి రెండు కోట్లు క్లియర్ అదనంగా వేయించుకోవచ్చు. అది పూర్తిగా గట్టిపడ్డాక రుద్దితే, పోయేది ఆ అదనపు మందమే.

సాండింగ్ చేయిస్తే వారంటీ పోతుందా?

పెయింట్ వారంటీ షరతుల్లో బయట చేసిన మార్పుల వల్ల వచ్చే నష్టానికి బాధ్యత లేదని సాధారణంగా ఉంటుంది. మీ వారంటీ పుస్తకంలో ఆ పేజీ చదివాకే నిర్ణయం తీసుకోండి.

నాది మ్యాట్ ఫినిష్ కారు. దానికి?

ఏమీ చేయకూడదు. మ్యాట్ క్లియర్‌లో మెరుపు లేకపోవడం పొరలోనే ఉంది. రుద్దినా, పాలిష్ చేసినా ఆ చోట మెరుపు మచ్చ పడుతుంది, దాన్ని మళ్లీ మ్యాట్ చేయలేరు.

పని అయినప్పుడు బాగుంది, నాలుగు వాష్‌ల తర్వాత సన్నని గీతలు బయటపడ్డాయి. ఏం జరిగింది?

సాండింగ్ గీతలు పూర్తిగా పోకముందే ఆపేశారు. కాంపౌండ్‌లో ఉండే నూనెలు ఆ గీతల్ని తాత్కాలికంగా నింపుతాయి, షాంపూ వాష్‌లకు అవి కరిగిపోగానే గీతలు తేలతాయి. కారు తీసుకునే ముందే నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక ప్యానెల్ తుడిపించి, ఎండలోకి తెచ్చి చూసుకుంటే ఇది అక్కడే తెలిసిపోతుంది. ఇప్పుడు సరిచేయాలంటే మళ్లీ కాంపౌండింగ్ కావాలి. కాబట్టి ముందు పని చేసినవాళ్ల దగ్గర, పనికి ముందూ తర్వాతా తీసుకున్న మీటర్ రీడింగ్‌లు అడిగి తీసుకోండి. అప్పటికే 7, 8 మైక్రాన్లు పోయి ఉంటే ఇంకోసారి గట్టి కాంపౌండ్ పెట్టనివ్వకండి. ఫినిషింగ్ పాలిష్‌తో తగ్గినంత తగ్గించుకుని, మిగిలిన గీతలతోనే కారు వాడుకోవడం మేలు.